హేమనళిని కచేరీకి బదిలీ టికెట్టు

మోసగాళ్ళ మీద కోపంతో మా ఆయన ఒక యంత్రం కనిపెట్టాడు. దానివల్ల వాళ్ళకి వచ్చిన నష్టమేమిటో నాకు తెలియదు. ఈపాటికి ఇంకో వ్యాపారం చూసుకునే ఉంటారు దొంగవెధవలు. నష్టపోయింది మాత్రం మా ఇంట్లో మనిషి, ఎవరి జోలికీ పోని మా వదిన త్రిపురసుందరి.

మొదట్నుంచీ చెబుతాను. మా అమ్మాయి కిన్నెర డిగ్రీలో చేరిన కొత్తలో ఏదో కచేరీకి వెళ్ళి తీరాల్సిందేనని పట్టుబట్టింది. టికెట్లు అమ్మకానికి పెట్టిన కాసేపటికే అయిపోయాయి. ఫోన్లో ఎవడో తగిలాడు. తమ్ముడికి జ్వరమనీ, తాము రాలేకపోతున్నామనీ, కొన్న ధరకే ఇచ్చేస్తాననీ నమ్మబలికాడు. ఇది నమ్మింది. తీరా గేటు దగ్గరికి వెళ్ళేసరికి అదే సీటుకి అదే టికెట్టు పట్టుకుని ఇంకో ముగ్గురు నిలబడి ఉన్నారట. నలుగుర్నీ పక్కకి లాగేశారు. లోపల చప్పట్లు మోగుతుంటే ఇది ప్రహరీ గోడ బయట నిలబడి వింది. ఆ తర్వాత విశాఖపట్నం బీచ్ రోడ్డు పొడుగునా ఏడ్చుకుంటూ నడిచి ఇంటికొచ్చింది.

మా ఆయన ఫణీంద్ర రుషికొండ వైపు ఒక ప్రయోగశాలలో పనిచేస్తాడు. చెవిన పడిన శబ్దం మెదడులోకి వెళ్ళి ఏమవుతుందన్నది ఆయన చదువు. కూతురి కంట్లో నీళ్ళు చూస్తే ఆయన ఆగలేడు. కొన్నాళ్ళు అన్నం ముందు కూర్చుని కూడా ఏదో గొణుక్కుంటూ కాగితాల మీద గీతలు గీశాడు. చివరికి ఒకరోజు నుదుటికి కట్టుకునే పట్టీ ఒకటి తెచ్చాడు. దాన్ని భోజనాల బల్ల దగ్గర మా తలలకి వరసగా చుట్టి అందరికీ ఒకే పాట వినిపించాడు. పక్కన చిన్న తెర మీద గీతలు లేచాయి. నాకు ఒకలా లేచాయి, కిన్నెరకి ఇంకోలా, వదినకి మరోలా.

"చూశావా ప్రసూనా? గొంతు ఒకటే. ఏ ఇద్దరి తలలోనూ ఒకేలా పలకదు. వేలిముద్ర ఎలాగో ఇదీ అంతే. దీన్ని దొంగిలించడం ఎవడి తరం?" అన్నాడు. ఆయన మొహం వెలిగిపోయింది. దానికి చెవిముద్ర అని పేరు పెట్టింది కిన్నెరే.

ఇక ఆ తర్వాత అన్ని పెద్ద హాళ్ళ వాళ్ళూ ఆయన ప్రయోగశాల నడిపే కంపెనీ వెంట పడ్డారు. టికెట్టు కొనేటప్పుడు పట్టీ కట్టుకుని ఆ గాయకుడి గొంతు కాసేపు వినాలి. మన మెదడులో లేచిన అలతోనే టికెట్టుకి తాళం పడుతుంది. కచేరీ రోజున గుమ్మం కింద నడిస్తే చెవిలో ఆ గొంతు ఒక్క ముక్క వినిపిస్తుంది. అల కలిస్తే తలుపు తెరుచుకుంటుంది. ఫోటో తీసి వందమందికి అమ్మినా ఆ టికెట్టు ఎందుకూ కొరగాదు. పేపర్లో మా ఆయన బొమ్మ పడింది. నేనూ పొంగిపోయాను, కాదనను. వీధిలో తెలిసినవాళ్ళందరికీ ఆ పేపరు చూపించి వచ్చాను.

చిక్కు తర్వాత వచ్చింది. టికెట్టు కొన్నాక రాలేకపోయేవాళ్ళు ఉంటారు. దొరక్క ఏడ్చేవాళ్ళూ ఉంటారు. వీళ్ళది వాళ్ళకి ఇప్పించాలి. కానీ మొదట కొన్న మనిషి చెవిముద్ర ఆ టికెట్టుని, దాని నకళ్ళని ఎప్పుడైనా తెరవగలదు. ఒకడికి ఇచ్చేసి, నకలు దాచుకుని, తనే ముందొచ్చి కూర్చునే ఘనులు బయల్దేరారు. ఆ మనిషి పేరు లిస్టులోంచి కొట్టేస్తే పోయేదానికి ఎందుకింత తంటా అన్నాను నేను. లిస్టే లేదట. మనుషుల మెదడు గుర్తులు ఏ కంపెనీ దాచిపెట్టుకోకూడదని అప్పటికే చట్టం వచ్చింది. గేటు వింటుంది, పోల్చుకుంటుంది, అక్కడితో మర్చిపోతుంది. కాబట్టి తాళం మార్చడానికి వీల్లేదు, తాళంచెవినే అరగదీయాలన్నాడు.

అంటే టికెట్టు వదులుకునే మనిషి మెదడులో ఆ గొంతుకి లేచే అలని చల్లార్చెయ్యాలి. నొప్పి ఉండదు, మందు ఉండదు. పట్టీ కట్టుకుని కాసేపు కూర్చుంటే చాలు. ఆ తర్వాత ఆ గొంతు వినిపిస్తుంది, అర్థమవుతుంది, కాకపోతే పక్కింటి వాళ్ళ మాటలా వచ్చి పోతుంది. ముందు తన మీదే చేసుకున్నాడు. స్నానం చేస్తూ ఒక పాత సినిమా గాయకుడి పాటల్ని ఖూనీ చెయ్యడం ఆయనకి అలవాటు. ఆ గాయకుణ్ణే చల్లార్చుకున్నాడు. మరునాడు పెసరట్టు తింటుంటే ఆ గొంతే పెట్టాను. ఇంకాస్త అల్లం పచ్చడి వెయ్యమన్నాడు. ఏమీ అనిపించలేదా అంటే, అనిపించడానికి ఏముంది, బాగానే పాడుతున్నాడుగా అన్నాడు. స్నానాలగదిలోంచి ఆ అపస్వరాలు రాక నాకే ఇల్లు బోసిపోయినట్టయింది. ఆ మాట చెబితే నవ్వేశాడు.

ఆయన బుద్ధిలేనివాడు కాదు. గొంతు తలలో ఒంటరిగా ఉండదనీ, దానికి మనుషులూ రోజులూ అల్లుకుని ఉంటాయనీ తెలుసు. అందుకని చల్లార్చే ముందు ఆ మనిషిని కూర్చోబెట్టి మాట్లాడించేవాళ్ళు. ఎక్కడ విన్నారు, ఎవరితో విన్నారు, ఎవరు గుర్తొస్తారు అని అడిగేవాళ్ళు. చెబుతున్నకొద్దీ ఆ జ్ఞాపకాలు తెర మీద వెలుగుతాయి. వాటి చుట్టూ గట్టు కట్టి, మిగిలిన దాన్నే చల్లారుస్తారు. చెప్పినదానికి గట్టు పడుతుంది. చెప్పనిది యంత్రానికి తెలియదు. వచ్చినవాళ్ళంతా బ్రహ్మాండంగా చెప్పుకునేవాళ్ళట. ఒకడు కాలేజీ బస్సులో ప్రేమించిన పిల్ల గురించి చెబితే, ఒకావిడ పుట్టింటి వాకిలి ముగ్గులతో సహా చెప్పిందట. ఎవరికీ ఏమీ కాలేదు. దానికి సురక్షిత బదిలీ అని పేరు పెట్టారు. టికెట్లు అయిపోయాక మోసం లేకుండా సీటు దొరికే దారి ఇదొక్కటేనని ఊరంతా బోర్డులు కట్టారు.

ఇప్పుడు మా వదిన సంగతి. ఆవిడ ఫణీంద్ర అక్కయ్య, ఆయన కంటే చాలా పెద్దది. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. అనకాపల్లిలో ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పేది. భర్త పోయి, ఉద్యోగమూ అయిపోయాక మా దగ్గరికి వచ్చేసింది. నా పెళ్ళయినప్పట్నుంచీ చూస్తున్నాను, 'నాకిది కావాలి' అన్నమాట ఆవిడ నోట రాలేదు. మామిడిపండు కోస్తే బుగ్గలు మాకు పెట్టి, తనకి టెంకే ఇష్టమంటుంది. పూరీలు చాలకపోతే తనకి నూనె పడదంటుంది. పండక్కి చీర తెస్తే, "నాకంత ఇష్టం లేదమ్మా ఈ రంగు, నువ్వు కట్టుకో" అంటుంది. ఆ మాటని తిరగేసి అర్థం చేసుకోవాలని ఇంట్లో అందరికీ తెలుసు. అవసరమైనప్పుడు తెలియనట్టు ఊరుకోవడమూ అందరికీ వచ్చు.

అలాంటి మనిషి ఒకరోజు కిన్నెర గదిలోకి వెళ్ళి, హేమనళిని కచేరీకి తనకో టికెట్టు దొరుకుతుందేమో చూడమని అడిగింది. మేమందరం నోళ్ళు వెళ్ళబెట్టాం.

హేమనళిని ఒకప్పుడు రేడియోలో పాడేది. లలితగీతాలు, జోలపాటలు. కిన్నెర పుట్టకముందే పాడటం మానేసి ఎక్కడో దూరంగా ఉండిపోయింది. ఎవరు బతిమాలారో ఏమో, ఇన్నేళ్ళకి ఒక్కసారి, ఒకే ఒక్క సాయంత్రం మా ఊళ్ళో పాడటానికి ఒప్పుకుంది. కిన్నెర సంగీతం నేర్చుకుంటోంది. గురగురలాడే పాత రికార్డులు పెట్టుకుని ఆవిడ పాటలన్నీ కంఠతా పట్టేసింది. కాబట్టి అదీ అందరికంటే ముందు కాచుక్కూర్చుంది. అమ్మకం మొదలవగానే అత్త టికెట్టు ముందు తీసింది, పెద్దావిడ నోరు తెరిచి అడిగిందని. తనది తీసేలోపు అన్నీ అయిపోయాయి.

వదిన చెవిముద్ర తీసుకున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. తెర మీద గీత పైఅంచు దాటి కనబడకుండా పోయింది. మా ఆయన పట్టీ వదులైందేమోనని బిగించి మళ్ళీ తీశాడు. మళ్ళీ అంతే. "మా అక్క చెవి భలే చెవి" అని మెచ్చుకుని వెళ్ళి పడుకున్నాడు. అదీ మా ఇంటి శాస్త్రవేత్త తెలివి.

కిన్నెర తిండి మానేసింది. బదిలీ కోసం పేరు ఇచ్చింది కానీ, హేమనళిని టికెట్టు చేతిలో ఉన్నవాడు ఎందుకు వదులుకుంటాడు? ఇంకో ప్రబుద్ధుడు ఫోన్లో తగిలి, గుమ్మాన్ని బురిడీ కొట్టించే పట్టీ తన దగ్గరుందని మొదలుపెట్టాడు. నేను ఫోను లాక్కున్నాను. అది తలుపేసుకుంది. వదిన రెండుసార్లు కంచం పట్టుకెళ్ళి తలుపు కొట్టి వెనక్కొచ్చింది. మూడోసారి తలుపు బయటే నిలబడి, టికెట్టు నువ్వే తీసుకో అంది. తనకంత ఇష్టమేమీ కాదంది, ఆ కుర్చీల్లో అంతసేపు కూర్చుంటే నడుం పట్టేస్తుందంది. తలుపు తెరుచుకుంది. కిన్నెర వద్దంటూనే ఆవిడ మెడ చుట్టూ చేతులేసింది.

నాకు మనసొప్పలేదు. వంటింట్లో ఆవిణ్ణి నిలదీశాను. "వదినా, ఇన్నేళ్ళలో మీరు నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. ఎందుకు ఇచ్చేస్తున్నారు?"

"దానికి పాడటానికి పనికొస్తుంది ప్రసూనా. నేను విని ఏం చెయ్యాలి? వినాల్సినంత కాలం విన్నానుగా" అంది, పొయ్యి మీద పాలు చూసుకుంటూ.

ఆ సాయంత్రం మా ఆయన రాగానే, అక్కయ్యని జాగ్రత్తగా అడిగి మరీ చెయ్యండి అని చెప్పాను. అడక్కుండా ఎలా చేస్తాం, అది పద్ధతి కదా అన్నాడు.

ముగ్గురం ప్రయోగశాలకి వెళ్ళాం. ఒకరిది చల్లార్చాక ఇంకొకరి చెవిముద్రతో టికెట్టుకి కొత్త తాళం వెయ్యాలి కాబట్టి కిన్నెర కూడా అదే గదిలో, ఎదురుగా కూర్చుంది. ఏసీ చలికి వదిన చెంగు భుజాల చుట్టూ కప్పుకుంది. ఆవిడ చెవిలో హేమనళిని గొంతు సన్నగా నడుస్తోంది. మామూలుగా ఈ ప్రశ్నలు అడగడానికి వేరే మనుషులున్నారు. అక్క కదా అని మా ఆయనే అడగడానికి కూర్చున్నాడు.

"ఈ గొంతు మొదట ఎక్కడ విన్నావక్కా?"

"రేడియోలోరా. ఇంకెక్కడ?"

"ఎవరితో కలిసి వినేదానివి?"

"ఎవరితో ఏంటి, వంట చేసుకుంటూ."

తెర మీద ఒక మూల పెద్ద వెలుగు లేచింది. వంటిల్లు, రేడియో వెలిగింది వేరే చోట. ఇది వాటి పక్కన లేదు, లోపలెక్కడో ఉంది. మా ఆయన దానివంక చూసి ఆగాడు.

"ఇది వింటుంటే ఎవరైనా గుర్తొస్తారా?"

వదిన కిన్నెర వంక చూసింది. అది ఒళ్ళో చేతులు ముడుచుకుని, ఎక్కడ ఏ మాట అడ్డొస్తుందోనని అత్త నోటివంకే చూస్తూ కూర్చుంది.

"ఎవరూ రారు. నాకంత ఇష్టం లేదని చెప్పానుగా, కానివ్వు" అంది వదిన.

వంటింటికీ రేడియోకీ గట్టు కట్టాడు. పని కానిచ్చాడు. వదిన పట్టీ తీసి, చెదిరిన జుట్టు సర్దుకుని, ఇంతేనా అని అడిగింది. దారిలో కొత్తిమీర కొనాలని గుర్తుచేసింది కూడా.

కచేరీ మరునాడు పొద్దున్న కిన్నెర కాఫీ గ్లాసు పట్టుకుని కబుర్లన్నీ చెప్పింది. హేమనళినికి నడుం వంగిపోయిందట, గొంతు మాత్రం వంగలేదట. చిట్టచివర జోలపాట అందుకుంటే హాలు హాలంతా కళ్ళు తుడుచుకుందట. రెండు చరణాలు తను పాడి వినిపించింది. వదిన కాఫీ ఊదుకుంటూ విని, నీ గొంతు బాగుందమ్మా, పొద్దున్నే చల్లటి నీళ్ళు తాగకు అంది. యంత్రం చెప్పినట్టే చేసిందనుకున్నాను. కాస్త బాధనిపించినా, పోనీలే, పిల్ల సంతోషంగా ఉంది, ఆవిడకీ బాధ లేదు అని సర్దిచెప్పుకున్నాను.

కొన్ని వారాలు గడిచాయి. ఒకరోజు పొద్దున్న వదిన గ్యాస్ పొయ్యి తుడుస్తోంది. చేతిలో గుడ్డ ఎప్పుడూ చూసింది కాదు. లేత పసుపు రంగు, అంచు చుట్టూ చేత్తో కుట్టిన కోడిపిల్లలు. దగ్గరికెళ్ళి చూస్తే అది గుడ్డ కాదు, చిన్నపిల్ల గౌను. దాని చెయ్యి ఒకటి నూనెలో నానిపోయి ఉంది.

"ఇదెక్కడిది వదినా?"

"నా ట్రంకు పెట్టెలోది. మా నీరజది. అయిదో పుట్టినరోజుకి కుట్టాను. పాత నూలు కదూ, భలే పీలుస్తుంది" అంది.

నీరజ ఆవిడ ఒక్కగానొక్క కూతురు. నేను ఈ ఇంటికి రాకముందే మెదడువాపు జ్వరంతో పోయింది. పెళ్ళయిన కొత్తలో మా ఆయన ఆ సంగతి ఒక్కసారి చెప్పి, అక్క ముందు ఆ పేరు ఎత్తొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. అది ఈ ఇంటి ఆచారం. బంధువులొచ్చినా ఎత్తేవారు కాదు. అలాంటి పిల్ల ఒకతి ఉండేదని కిన్నెరకి కూడా తెలియదు. వదిన మంచం కింద ట్రంకుపెట్టె తాళంతో ఉండేది. ఏడాదికోసారి తలుపేసుకుని తెరిచేది. బయటికి వచ్చాక రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడేది కాదు. మేమూ ఏమీ అడిగేవాళ్ళం కాదు.

గౌను ఆవిడ చేతిలోంచి లాక్కుని పెరట్లో సబ్బు పెట్టి ఉతికాను. మరక పోలేదు. మసిగుడ్డకి అంత సబ్బు దండగ కదా అని వదిన గుమ్మంలో నిలబడి ఆశ్చర్యపోయింది. ఆ మొహంలో నటన లేదు. నేను వెతికాను, నిజంగానే వెతికాను, ఎక్కడైనా ఒక్క ముడత కనబడుతుందేమోనని.

మా ఆయన రాగానే తడిగౌను ఆయన ముందు పడేశాను. ఏమిటని అడగలేదు. చూడగానే గుర్తుపట్టాడు. నోటికొచ్చినట్టు తిట్టాను. అన్నీ అయ్యాక మెల్లగా చెప్పాడు.

"సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడల్లా చూసేవాణ్ణి. హేమనళిని పాట రేడియోలో వస్తేగానీ నీరజ పడుకునేది కాదు. పాట లేని రోజు అక్కే పాడేది. ఆ రోజు తెర మీద ఆ మూల వెలిగింది చూశావే, అది నీరజేనని నాకు తెలుసు ప్రసూనా."

"తెలిస్తే అడిగి చావొచ్చుగా."

"ఎలా అడగను? పిల్ల పోయిన దగ్గర్నుంచీ అక్క ముందు ఆ పేరు ఎత్తలేదు నేను. పెదాల దాకా వచ్చింది, రాలేదు. అక్క ఎవరూ రారనేసరికి... బతికిపోయాననుకున్నాను." ఇంతవరకు చెప్పి ఆ గౌనులో మొహం దాచుకున్నాడు.

వదినని మళ్ళీ ప్రయోగశాలకి తీసుకెళ్ళాడు. ఎన్నిసార్లు తీసుకెళ్ళాడో లెక్క లేదు. పాటలు వినిపించాడు. పిల్ల ఫోటో చూపించాడు. తెర మీద గీత నేలబారుగా సాగిపోయింది. పాత చెవిముద్ర ఉంటే దాన్ని చూసి మళ్ళీ రాజెయ్యొచ్చేమో, కానీ దాన్ని ఎవరూ దాచలేదు, దాచకూడదు. పాటా పిల్లా ఒకే వేరు మీద ఉన్నాయట. గట్టు లేకపోయేసరికి రెండూ కలిసే చల్లారాయట. ముందు ఇష్టం పోయింది. ఇష్టం తడి లేక, ఉన్న జ్ఞాపకాలు కూడా ఒక్కొక్కటే ఎండి రాలిపోతాయన్నాడు. ఎవరికో చెబుతున్నట్టు, గోడ వంక చూసి చెప్పాడు.

బదిలీలు ఆపెయ్యమని కంపెనీలో గొడవపడ్డాడు. మీరే స్వయంగా అడిగారు, ఆవిడే లేదని చెప్పింది, ఇందులో యంత్రం తప్పేముందన్నారు. నిజమే, ఏముంది? ఆయన ఆ విభాగం వదిలేసి చిన్నపిల్లల వినికిడి పరీక్షలు చేసే గదిలో కూర్చుంటున్నాడు. బోర్డులు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి.

కిన్నెరకి నేనే చెప్పాను. దాచితే ఏమవుతుందో చూశాక ఇంకా దాచడమేమిటి? అది పరుగున వెళ్ళి వదిన ఒళ్ళో తల పెట్టుకుంది. వదినకి ఏమీ పాలుపోక దాని జుట్టు నిమురుతూ మా వంక చూసింది.

"ఏదో పోయిందని మీ మొహాలు చూస్తే తెలుస్తోంది. నాకేమో ఏమీ తెలియట్లేదు. నీరజ నా కూతురే, జ్వరమొచ్చి పోయింది, అన్నీ గుర్తున్నాయి. కానీ ఫణీ, నిజం చెప్పు. నేను దాన్ని బాగానే చూసుకున్నానా?"

"ప్రాణం పెట్టుకున్నావక్కా" అన్నాడాయన.

"అంత ప్రాణమైతే, ఆ రోజు నువ్వు అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదురా?"

కిన్నెరే ఒళ్ళోంచి తలెత్తి చెప్పింది. "నేనక్కడ కూర్చుని ఉన్నానని, అత్తా. నువ్వు చెబితే నేను టికెట్టు తీసుకోనని."

అయి ఉంటుంది అంది వదిన. పాపం, చిన్నపిల్ల అని కూడా అంది. ఎవరి గురించో నాకు అర్థం కాలేదు. అడిగే ధైర్యం కూడా చెయ్యలేకపోయాను.

అప్పట్నుంచీ ఫణీంద్ర సాయంత్రాలు అక్క పక్కన కూర్చుని నీరజ సంగతులు చెబుతున్నాడు. ఎండిపోయే మొక్కకి నీళ్ళు పోస్తే ఎక్కడైనా చిగురు పెడుతుందేమోనని ఆయన ఆశ. బొత్తాలు నోట్లో పెట్టుకునేదట. కుట్టుమిషను తొక్కుడుపలక మీద కూర్చుని, తొక్కనివ్వకుండా ఏడిపించేదట. బడికి వెళ్ళనని బియ్యం డబ్బా వెనక దాక్కునేదట. ఇన్నేళ్ళు నోరు నొక్కుకున్న మనిషి ఇప్పుడు ఆపమన్నా ఆపడు. మా ఇంట్లో ఆ పిల్ల పేరు రోజూ వినిపిస్తోంది. ఆ పేరు వింటే కదలాల్సిన మనిషి మాత్రం కదలదు. కిన్నెర ఆ జోలపాట పాడుతుంది, మధ్యలో ఆపేసి లేచి వెళ్ళిపోతుంది. వదిన ఎదురింటి పిల్లల అల్లరి విన్నట్టు నవ్వుతూ వింటుంది. రాత్రిళ్ళు హాయిగా నిద్రపోతోంది, కాస్త ఒళ్ళు కూడా చేసింది. చూసినవాళ్ళు ఆవిడ మొహం కళకళలాడుతోందని నాతో అంటుంటారు. నేను వెంటనే మాట మార్చేస్తాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం వదిన, నేను చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చున్నాం. కిన్నెర కిటికీ దగ్గర ఏదో చదువుకుంటోంది. ఫణీంద్ర ఎప్పట్లాగే మొదలుపెట్టాడు. ఒకసారి జోరున వాన కురుస్తుంటే నీరజ ఇంట్లో ఉన్న ఒక్క గొడుగూ తీసుకెళ్ళి పక్కింటివాళ్ళ దూడకి పట్టిందట. తను తడుస్తూ దూడకి వీపంతా కప్పి, ఇంటికి రమ్మంటే దూడతోనే వస్తానందట. ఆ సంగతి ఆయన ఎంత బాగా చెప్పాడంటే నాకే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వదిన పకపకా నవ్వింది. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వి, చెంగుతో తుడుచుకుని, ఆయన వైపు తిరిగి అడిగింది.

"భలే పిల్లరా. తర్వాత ఏమైంది ఆ పిల్ల?"

ఆయన నా వంక చూశాడు. కిన్నెర పుస్తకం మూసింది. ఆవిడ నిజంగానే అడుగుతోంది. చేతిలో చిక్కుడుకాయ పట్టుకుని, కథలో మిగతా ముక్క కోసం చూస్తోంది. ఉన్నమాట మొహం మీద అనడం నాకు పుట్టుకతో వచ్చిన గుణం, అందరూ నన్ను దానికే తిడతారు. వదిన మొహంలోకి చూశాను. ఆవిడ చూపు ఇంకా మా మీదే ఉంది.

"ఏమవుతుంది వదినా, పెద్దదైంది" అన్నాను.

"పోనీలే, మంచిది" అని ఆవిడ తృప్తిగా తలూపి, చేతిలో ఉన్న కాయకి ఈనె లాగింది.